పలక మీద లేని పేరు

పద్మక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మార్కాపురంలో ఆడవాళ్ళ వ్యాయామానికని నువ్వు పెట్టిన సైక్లింగ్ స్టూడియోలో పొద్దున నీ పేరు మీద క్లాసు జరిగింది. ఒక్క సైకిలూ ఖాళీ లేదు, నీది తప్ప. దానికి దండ వేశారు. అందరూ నీ ఫొటో ఉన్న టీషర్టులు వేసుకున్నారు.

తలుపు పక్కన నీ పలక ఇంకా ఉంది. రానివాళ్ళ పేర్లు దాని మీద రాసి, క్లాసు కాగానే స్కూటీ వేసుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేదానివి.

"ఏందమ్మా పద్మా, మేమేమన్న బడిపిల్లలమా?" అని బట్టల కొట్టు రమణమ్మ ఒకసారి కసిరింది.

"బడికి పోకుంటే పంతులన్నా అడుగుతాడు. మన ఆడోళ్ళు రెండు దినాలు కనపడకపోతే ఎవురడుగుతారు వదినా?" అన్నావు నువ్వు.

ఈ రోజు అదే రమణమ్మ మైకు పట్టుకుని ఏడ్చింది. "మనదంతా ఒక కుటుంబం. ఆ నాలుగు దినాలు నువ్వు కనిగిరి పెళ్ళికి పోయినావనుకున్నాం తల్లీ!" అంది నీ ఫొటోతో. అందరూ తలలూపారు. నువ్వేమో ఇంట్లో ఒక్కదానివే జ్వరంతో పడి ఉన్నావు. నాలుగో రోజు పాలు పోసే ఆమె తలుపు తోసేసరికి అంతా అయిపోయింది. నీ పేరు పలక మీద రాసేవాళ్ళు లేరు కదా.

నేనూ తలూపాను. కానీ అక్కా, ఆ నాలుగు రోజులూ నేను స్టూడియో దాకా వచ్చాను. తాళం చూశాను. హమ్మయ్య, ఇంకో గంట పడుకోవచ్చనుకుంటూ మీ వీధిలోంచే ఇంటికి వెళ్ళిపోయాను.