రెండు పేర్ల ఇల్లు

ఎర్రకుంట, ఆత్మకూరు దగ్గర
జనవరి

ప్రియమైన అక్కకు,

అమ్మ కుడిచెయ్యి విరగ్గొట్టినవాడు వీరభద్ర. ఈ మాట ముందు రాసి, ఆ తరువాతే నీకు వందనాలు చెబుతున్నాను. మొన్నటి వాయిదాలో వాని లాయరు "ఆమె గట్టు మీద జారి పడింది" అన్నాడు. జారిపడిన మనిషి వీపు మీద పారకట్టె వాత ఎట్లా తేలింది? మన బోరు నీళ్లు మన మడికి కట్టుకుంటుంటే కులం పేరు పెట్టి తిట్టి కొట్టాడు. పక్క చేలో ఉన్న మారెన్న చూశాడు, కోర్టులో చెప్పాడు. ఇప్పుడు బెయిలు మీద తిరుగుతున్నా, అట్రాసిటీ కేసు కాబట్టే వాడు జైలు మెట్లెక్కాడు. పుస్తకాల్లో చదివిన చట్టం మన గడప దాకా రావడం నేను చూసింది ఇదే మొదటిసారి.

ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను.

ఇక నువ్వడిగిన సంగతి. జర్మనీలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టావు. పుట్టిన సర్టిఫికెట్టులో కృపమణి, పాస్‌పోర్టులో రామలక్ష్మి. ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం తీసి, పేపర్లో ప్రకటన వేయించమన్నావు. వేయించను.

మిషన్ ఆసుపత్రిలో అమ్మ పెట్టిన పేరు కృపమణి. బడిలో వేసేటప్పుడు "చర్చి పేరు రాస్తే ఎస్సీ సర్టిఫికెట్టు రాదమ్మా, స్కాలర్‌షిప్పూ రాదు" అని హెడ్‌మాస్టరు రాసిన పేరు రామలక్ష్మి. నేను చర్చిలో లేవి, రేషన్‌కార్డులో తిమ్మయ్య. అమ్మ చర్చిలో మార్తమ్మ, కోర్టులో ఉరుకుందమ్మ. మతం మారితే కులం పోతుందని చట్టం అంటుంది. వీరభద్ర కళ్లలోనుంచి అది ఎందుకు పోలేదో ఆ చట్టాన్నే అడగాలి. నీ ప్రకటన వాని లాయరు కంట పడిందంటే మనం క్రైస్తవులమని వాడికి రుజువు దొరికినట్టే. కేసు నిలవదు. తీర్పు వచ్చేదాకా ఆగు.

కోపంగా, ప్రేమగా,
నీ తమ్ముడు లేవి


జర్మనీ
ఫిబ్రవరి

ప్రియమైన లేవికి,

అక్క వందనాలు. నువ్వు తిట్టినా నీ అక్షరాలు చూస్తే ఇంటికి వచ్చినట్టుంది.

నువ్వు ఆగమన్నావు. ఇక్కడ నేను పనిచేసే వృద్ధుల ఆశ్రమంలో మేనేజరు ఏమంటుందో తెలుసా? వరుసగా రెండు డ్యూటీలు వేసి, నడుము పట్టేసిందంటే, "మానేస్తావా? మానేస్తే నీ వీసా ఏమవుతుందో తెలుసు కదా" అంటుంది. నవ్వుతూనే అంటుంది. వీరభద్ర పారకట్టెతో చెప్పేది ఈమె నవ్వుతో చెబుతుంది, అంతే. శాశ్వత నివాసం వస్తే నా వీసా ఆమె చేతిలోనుంచి జారిపోతుంది. నాకు నచ్చిన ఆసుపత్రిలో చేరతాను.

వీసా ఆఫీసులో కుర్రాడు మర్యాదస్థుడే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "పుట్టిన ఈ పిల్ల ఎవరు? మీరెవరు?" అని అడిగాడు. ఏం చెప్పను? మన కులం సంగతి అతనికి చెప్పడానికి నాకొచ్చిన జర్మన్ చాలదురా. తెలుగులోనైనా చెప్పగలనో లేదో. ఏప్రిల్ ఆఖరుకు రుజువు తెమ్మన్నాడు. తేకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

అమ్మను అడిగాను. "నీ పని నువ్వు సూస్కోమే. నా చెయ్యి సంగతి నేను సూస్కుంటా" అంది.

ప్రార్థనలతో,
అక్క కృపమణి


ఎర్రకుంట
మార్చి

ప్రియమైన అక్కకు,

అమ్మ మాట పట్టుకోవద్దు. నువ్వడిగితే ఆమె రెండో చెయ్యి కూడా ఇస్తుంది.

మన లాయరు బసవరాజ్ సారు తీర్పయ్యేదాకా చర్చి వైపు పోవద్దన్నాడు. గోడ మీద సిలువ తీసి బియ్యం డబ్బాలో దాచాను. అది చేసేటప్పుడు నా మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది. అమ్మ ఎడమచేత్తో అన్నం తింటూ, "ప్రభువు బియ్యంలో ఉండాడు, పురుగు పట్టకుండా సూస్కోప్పా" అని నవ్వింది. ఆదివారం పాటలు వినబడకుండా తలుపు మూసుకుంటాం. మూసినా వినబడతాయి. అమ్మ పెదవులు కదులుతుంటాయి.

ఇంత చేస్తున్నాం. నువ్వు ఇంకొక్క గడువు అడగలేవా?

నీ తమ్ముడు
లేవి


జర్మనీ
మే

ప్రియమైన లేవికి,

నన్ను తిట్టు, కానీ ఫోను ఎత్తు.

గడువు అడిగాను. ఇవ్వలేదు. కర్నూలులో ఒక ఏజెంటును పట్టుకొని ప్రకటన వేయించాను. లోపలి పేజీలో, టెండర్ల నడుమ, అగ్గిపెట్టెంత. ఎవరు చూస్తారులే అనుకున్నాను. కార్డు వచ్చింది. చేతిలో పట్టుకుని కూర్చున్నాను, సంతోషం రావడం లేదు. అమ్మను అడిగితే "అంతా బాగుండాది" అంటుంది. నువ్వు మాట్లాడవు. ఏమైందిరా?

అక్క


ఎర్రకుంట
జూన్

ప్రియమైన అక్కకు,

ఈసారి తప్పు చేసింది నువ్వు. అగ్గిపెట్టెంత ప్రకటన అన్నావు. ఆ అగ్గిపెట్టెతోనే మా కొంప అంటుకుంది.

వీరభద్ర దాన్ని కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. టీ కొట్టు దగ్గర అందరికీ వినబడేటట్టు అన్నాడు: "బిడ్డ పేరు అది కాదని ఆయమ్మ కోర్టులో చెప్పిందంటే, దొంగ ప్రమాణమని జర్మనీకి రాసి ఆ బిడ్డను ఈడికే తెప్పిస్తా. ఔనని చెప్పిందంటే కేసు పాయె. యాడికి పోతాది?"

బసవరాజ్ సారు అమ్మకు ఒకటే మాట నేర్పాడు: "కృపమణి ఎవరో నాకు తెలీదు, నా బిడ్డ రామలక్ష్మి. అంతే అను." నేనూ అదే అనమన్నాను. అవునక్కా, కాళ్లు పట్టుకుని అనమన్నాను. నీ కార్డు పోతే పోనీ అనుకున్నాను.

అమ్మను మళ్లీ బోనెక్కించి, వాని లాయరు ఆ ప్రకటన పైకెత్తి, "ఈ కృపమణి ఎవరమ్మా?" అని అడిగాడు.

"నా బిడ్డ. ఆ పేరు నేనే పెట్టినా."

"చర్చికి పోతారా?"

"పోతా. ఈ నడుమ పోనీల్యా వీళ్లు. ఇంక పోతా." అని, వీరభద్ర వైపు తిరిగింది. "ఏమప్పా, ఆపొద్దు కొట్టేముందర నా పేరేందని అడిగితివా? మార్తమ్మ అని చెప్పింటే పారకట్టె కింద పెడ్తాంటివా?"

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. జడ్జి రాసుకుంటూనే ఉన్నాడు. అట్రాసిటీ సెక్షన్ ఎగిరిపోయింది. చెయ్యి విరిచిన మామూలు కేసు మిగిలింది. ఆ సాయంత్రమే వీరభద్ర మన వీధి మొదట్లో టపాకాయలు కాల్చాడు.

బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అమ్మే అంది: "మూతి ముడుచుకుంటివేంరా? ఇరిగిన చెయ్యి నాదా, నీదా? మనకు ఈడ నిలబడనీకె శానా కష్టమాయె. అదన్నా ఆడ నిలబడనీ."

నీ కార్డు మీద నీ ఫోటో ఉంటుంది. అమ్మ చెయ్యి కనబడదు. నేను చెబుతున్నాను, ఉంది. పైన నీ తప్పని రాశాను, దాన్ని కొట్టెయ్యను. కానీ ఒక మనిషి అక్కడ నిలబడాలంటే ఒకటే పేరుండాలి, ఇక్కడ బతకాలంటే రెండుండాలి అన్నవాళ్లను వదిలేసి, నిన్నొక్కదాన్నే తిడితే నేను చదివిన చదువంతా దండగ.

మన సర్టిఫికెట్లు కూడా తిరగేస్తారని వాడ మొత్తం భయపడుతోంది. రెండు పేర్లున్నవాళ్ల పట్టీ ఒకటి రాద్దామని తిరిగితే, నాతో మాట్లాడేవాళ్లే లేరు. నిన్న మారెన్న వచ్చి, "రాసుకోప్పా, నాకూ రెండు పేర్లే" అన్నాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు వచ్చారు. సిలువను బియ్యంలోనుంచి తీసి మళ్లీ గోడకు కొట్టాను.

సోమవారం ఉదయం పది గంటలకు, ఆత్మకూరు తాసిల్దారు ఆఫీసు ముందు. రెండు పేర్లున్నవాళ్లంతా రెండూ అట్టల మీద పెద్దగా రాసుకుని రావాలి. దెబ్బ తిన్న మనిషిని మతం అడగని చట్టం ఇమ్మని అడుగుతాం. అమ్మ ముందు నిలబడుతుంది. నీ అట్ట మారెన్న పట్టుకుంటాడు, నీ పేర్లు రెండూ నేనే రాశాను. మీకప్పుడు పొద్దున ఆరున్నర. డ్యూటీలో ఉన్నా సరే, ఎక్కడున్నా సరే, లేచి నిలబడు.

సోమవారం. పది గంటలకు.

నీ తమ్ముడు
లేవి, తిమ్మయ్య