మన గేటు మీద వంతెన

అక్కా,

మన ఊరి రైలు గేటు మీద వంతెన కట్టారు. ఈ రోజే మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. పాత సిగ్నల్ స్తంభం పీకేశారు. దాని ఎర్ర రెక్క కిందికి వాలగానే కుట్టుమిషను వదిలేసి, పాసింజరు చూడ్డానికి నన్ను లాక్కుపోయేదానివి.

నీకు నొప్పులొచ్చి ఆటోలో తీసుకెళ్తున్న రోజున ఆ రెక్క ఎంతకీ వాలలేదు. దారి దొరక్క పాసింజరు గేటుకు అడ్డంగా ఆగిపోయింది.

"రెండే నిమిషాలండి, వెళ్లిపోద్ది," అంటూనే ఉన్నాడు గేటు కాపలా అతను.

"బండి వెళ్లిందా?" అని నువ్వు నన్ను అడుగుతూనే ఉన్నావు.

ఆసుపత్రికి చేరేసరికి నువ్వూ లేవు, నీ బిడ్డా లేదు.

ఇవాళ బావ కొత్త భార్యతో వచ్చాడు. "ఇకనించి ఆసుపత్రికి పది నిమిషాలే, చూశావా!" అన్నాడు నాతో సంబరంగా.

ఆ మాట ఎవరితో అంటున్నాడో అతనికి తోచనే లేదక్కా.