స్కానర్ అద్దానికి బొట్టు

విజయనగరం

అక్కా, క్షేమమే. ఫోన్లో అయితే మధ్యలోనే తిడతావని కార్డు రాస్తున్నాను.

మా లైబ్రరీ సిబ్బందికి నేను కంప్యూటర్ శిక్షణ ఇస్తున్నాను. నిన్న ఎవరి దగ్గరో అరువు తెచ్చిన పాత రైతు సంఘం కరపత్రాలు మూడు వందలు స్కాన్ చేశాం. సాయంత్రం తెర మీద చూస్తే ప్రతిదాని నడుమా ఎర్రటి మచ్చ. మా లైబ్రేరియన్ కమలాదేవి గారు స్కానర్ అద్దానికి కుంకుమ పెట్టారు. "ఏటి నాయనా, కొత్త మిషనుకి బొట్టెట్టకుండా ఎలా మొదలెడతాం?" అన్నారు. అందరి ముందూ అరిచేశాను. రేపు కరపత్రాలు తిరిగి ఇచ్చేయాలి, మళ్ళీ దొరకవు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా పుస్తకాల పెట్టె పాత కాగితాలవాడికి వేయనీకు.

ఇది రాస్తుంటే ఆవిడే వచ్చారు. "అరుపులు అయిపోయాయేటి? అద్దం తుడిచేశాను. మళ్ళీ కాయితాలు నేనెడతాను, నువ్వు మీట నొక్కు" అంటున్నారు. ఈవిడ మీద కోపం ఎలా నిలుపుకోవాలో నువ్వే చెప్పు.

బావకి నమస్కారాలు.

నీ తమ్ముడు
పృథ్వీరాజ్