నీ తొట్టి అడుగున కొత్త ఇసుక

సుజాతా,

అక్వేరియంలో నువ్వు పరిచిన నల్లమట్టి ఈ ఉదయం తీసేశాను. పాతబడి కుళ్ళింది. రోజూ ఒకటో రెండో రొయ్యలు చనిపోతున్నాయి. మిగిలినవాటిని బకెట్లోకి మార్చాను.

నీ సంవత్సరీకానికి వచ్చిన మీ తమ్ముడు, తొట్టిని కృత్తివెన్నులో తన రొయ్యల చెరువే అనుకున్నాడు.

"అడుగు ఎండగట్టి సున్నం కొట్టేద్దాం బావా."

"ఇవి మంచినీళ్ళలో పెరిగే బుల్లి రొయ్యలురా. సున్నాన్ని తట్టుకోలేవు."

"పోనీ, మంగినపూడి బీచ్ ఇసుక తెస్తా."

"దాన్నిండా గవ్వలే. అదీ సున్నమే."

"అబ్బో, అచ్చం అక్కలాగే!"

కృష్ణానది ఇసుక తెచ్చి, నీళ్ళు తేటపడేదాకా కడిగి పరిచాం. రొయ్యల్ని వదిలాం. ఒక్కటీ కదల్లేదు. చాలాసేపటికి ఒకటి ముందుకాళ్ళతో ఇసుక కెలికి నోట్లో పెట్టుకుంది.

మీ తమ్ముడు వంటింటివైపు తిరిగి కేకేశాడు.

"అక్కా, మేస్తోందే!"