పెరట్లో తెల్ల దుప్పటి

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రేపు క్వార్టరు ఖాళీ చేస్తున్నాను. గనిలో నీ ఉద్యోగానికి ఇచ్చిన ఇల్లు కదా, ఇన్నాళ్లు ఉండనివ్వడమే ఎక్కువ. గోదావరి అవతల, మంచిర్యాలలో నాకు టీచరు ఉద్యోగం దొరికింది.

నీ కారు రేసు ఒక్కటీ నేను చూడలేదు. మద్రాసు నుంచి గెలిచానని నువ్విచ్చే టెలిగ్రాం కోసం ఎదురుచూసేదాన్ని. చివరి రేసు రోజు మద్రాసు నుంచి వచ్చిన టెలిగ్రాం నువ్విచ్చింది కాదు.

హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకున్నాక మాత్రం నువ్వే నన్ను వెతుక్కుంటూ వచ్చేవాడివి. పైనుంచి క్వార్టర్లన్నీ ఒక్క తీరుగానే కనిపిస్తాయన్నావని పెరట్లో తెల్ల దుప్పటి పరిచేదాన్ని. ముందే పరిస్తే బొగ్గు దుమ్ముకు నల్లబడుతుందని, చప్పుడు వినపడ్డాకే ఉరికేదాన్ని. ఒకసారి వాడంతా దుప్పట్లు పరిచేసరికి, మన ఇల్లేదో తెలియక అందరికీ రెక్కలూపి పోయావు!

ఈరోజు సామాను కడుతుంటే ఎవరిదో చిన్న విమానం వచ్చింది. నేను కదల్లేదు. పక్కింటి రాజవ్వ మూటలోంచి దుప్పటి లాగి పెరట్లో పరిచింది.

"అన్న లేడు కదా అవ్వా," అన్నాను.

"నాకు తెల్వదా బిడ్డా? మరి నువ్వు రేపు ఇల్లిడిసి పోతున్నవని నీ అన్నకు ఎవలు చెప్పాలె?"

విమానం రెక్కలూపకుండానే పోయింది. దుప్పటి సాయంత్రం దాకా తీయలేదు, నల్లబడింది. ఉతికి ఆరేశాను.

మంచిర్యాలలో బొగ్గు దుమ్ము ఇంత ఉండదట. అక్కడైతే పొద్దున్నే పరిచి ఉంచొచ్చు.

నీ చెల్లె