ఊడి రావలసిన గొడుగు

దుకాణం నడిపే అయ్యగారికి,

మీ పార్సిల్ అందిన ఇంటి నుంచి ఒక తల్లి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలట. ఇంట్లో మిగిలిన ఇద్దరం క్షేమం. ఫిర్యాదులు ఉత్తరంలోనే పంపాలని డబ్బా మీద అచ్చు వేశారు కాబట్టి రాస్తున్నాను. నాకు చదువు తక్కువ, తప్పులుంటే సర్దుకోండి.

మా చిన్నది కొండ మీంచి గాలి రెక్క కట్టుకుని ఎగరడం నేర్చుకుంటానని ఏడాదిగా నా ప్రాణం తోడేస్తోంది. కూర్చునే పట్టీల కుర్చీ, దాన్ని మీరు హార్నెస్ అంటారు, ఎవరి దగ్గరో పాతది కొంది. పైన రెక్క ముడుచుకుపోతే పట్టుకోవడానికి రెండో గొడుగు, పారాచూట్ అంటారట, మీ దగ్గర తెప్పించింది. "నువ్వు సరే అనేదాకా కాలు నేల మీంచి తియ్యనమ్మా" అని నా చేతిలో చెయ్యి వేసింది. నేను సరే అనలేదు. మా పెద్దాడు పోయిన ఏడు జ్వరంతో మంచం మీదే పోయాడు. మూరెడు ఎత్తు మంచం. అక్కణ్ణించి జారిపోయిన వాణ్ణే పట్టుకోలేకపోయాను, దీన్ని కొండ మీంచి ఎలా వదలను? అందుకని షరతు పెట్టాను. ఆ గొడుగును కుర్చీలో నా చేత్తో నేనే అమరుస్తాను, నాకు నమ్మకం కుదిరితేనే సరే అంటాను అని.

ఇప్పుడు ఫిర్యాదు. కుర్చీ అడుగున గొడుగు పెట్టే జేబు ఉంది కదా, దాని మూతకు గుండీ లేదు, జిప్పు లేదు. దారం ఉచ్చులో ఒక పుల్లలాంటి పిన్ను, అంతే. ఎర్ర పిడి ఒకటి బయటికి వేలాడుతోంది. దానికి చెయ్యి తగిలి కాస్త లాగితే చాలు, మొత్తం ఊడి కింద పడుతోంది. పిల్లకన్నా ముందు గొడుగే నేల చేరుతుంది. ఇదేం పనితనమండీ. పరుపులు కుట్టే దారం రెండు పేటలు వేసి జేబు చుట్టూ కుట్టేశాను. ఇప్పుడు ఎద్దుల చేత లాగించినా రాదు. మిగతావాళ్ళకు కూడా మీరు ఇలాగే కుట్టి పంపితే పుణ్యం.

ఇట్లు
చిన్నదాని తల్లి

తా.క. ఆ ఎర్ర పిడి ఎప్పుడూ అడ్డం వస్తోందని లోపలికి మడిచి దాన్ని కూడా కలిపి కుట్టాను. ఇక ఎవరూ పొరపాటున లాగలేరు.

~

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని ముగించాను. దయచేసి ఆ కుట్లన్నీ వెంటనే విప్పేయండి. ఆ గొడుగు ఊడి రావడానికే ఉంది. ఆకాశంలో పెద్ద రెక్క పాడైతే మీ అమ్మాయి ఆ ఎర్ర పిడిని పట్టుకుని, గట్టిగా లాగి, గొడుగున్న సంచిని దూరంగా విసరాలి. విసిరితేనే అది విచ్చుకుంటుంది. జేబు తెరుచుకోకపోతే ఏమవుతుందో రాయను, మీరు తల్లి.

కుట్లు విప్పాక ఒక పరీక్ష ఉంది. హార్నెస్‌ను గట్టి కమ్మీకి వేలాడదీసి, మనిషి అందులో కూర్చుని, పిడి లాగి విసిరి చూడాలి. చేతికి సులువుగా వస్తే జేబులో సరిగ్గా ఇమిడినట్టు.

భవదీయుడు
దుకాణదారు

తా.క. అమ్మాయి ఇంకా నేల మీదే ఉందని ఒక్క ముక్క రాయండి. ముద్ద దిగడం లేదు.

~

బాబూ,

చిన్నది నేల మీదే ఉంది. అటక కూడా ఎక్కనివ్వడం లేదు. మీరు కడుపు నిండా తినండి.

కుట్లు విప్పడానికి పూటంతా పట్టింది, నా కుట్టు అలాంటిది. విప్పుతుంటే లోపలి సంచి కూడా విచ్చుకుని గుడ్డంతా బయటపడింది. ముందుగది నిండిపోయింది. కుర్చీలు కనబడలేదు, చిన్నది ఎక్కడుందో గొంతును బట్టి పోల్చుకున్నాను. ఆ ముడతలు చూస్తే నాకే సిగ్గేసింది. ఇస్త్రీ చేద్దామంటే కరిగిపోతుందని చిన్నది అడ్డుపడింది. చేత్తోనే సాపు చేసి, దుప్పటిలా మడిచి, పురుగు పట్టకుండా మడతకో కలరా ఉండ పెట్టి సంచిలో సర్దాను.

పరీక్ష కూడా చేశాను. హార్నెస్‌ను మేడమెట్ల కింద ఇనుప కమ్మీకి కట్టి, చిన్నదాన్ని ఎక్కనివ్వకుండా నేనే ఎక్కి కూర్చున్నాను. కాళ్ళు నేలకు అందలేదు. ఎలా చెప్పను బాబూ, ఒళ్ళు దూదిపింజె అయిపోయింది. పిడి పట్టుకుని లాగి విసిరాను. సంచి గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురింటావిడ వరండాలో పడింది.

"ఏం వదినా, మీ చెత్త మా గుమ్మంలో పోస్తున్నావు?" అంది.

"చెత్త కాదు, ప్రాణం కాపాడే గొడుగు" అన్నాను.

"నీ ప్రాణం నా వరండాలో ఎందుకు?" అని తిరిగి ఇటు విసిరింది. మళ్ళీ సర్దుకుని మళ్ళీ విసిరాను. ఎన్నిసార్లో లెక్క లేదు. చివరికి ఆవిడే వచ్చి, "దిగవే తల్లీ, నన్నూ ఒక్కసారి ఎక్కించు" అని నా కాళ్ళు పట్టుకు లాగింది. పెద్దాడు పోయాక మా ఇంటి నవ్వులు వీధిలోకి వినబడింది ఆ పూటే. మీ వస్తువు మంచిదే. నోటికొచ్చినట్టు రాసినందుకు ఏమీ అనుకోకండి. వచ్చే వారం సరే అనేద్దామనుకుంటున్నాను.

ఇట్లు
చిన్నదాని తల్లి

తా.క. గొడుగుతో పాటు పొడుగాటి పట్టీ ఒకటి వచ్చింది, సామాను కట్టుకోవడానికి కాబోలు. పెరట్లో బట్టలు ఆరేసుకోవడానికి కట్టాను. నాలుగు తడి దుప్పట్లు వేసినా వంగలేదు.

~

అక్కగారికి,

ఇకనుంచి అక్కగారూ అనే రాస్తాను, లేకపోతే నాకు ధైర్యం చాలడం లేదు. మీరు రాసిందే మరోసారి నెమ్మదిగా చదువుకోండి. గొడుగు ఎదురింటి వరండాలోకి వెళ్ళింది. మీరు మీ మెట్ల కిందే ఉన్నారు. ఆకాశంలో ఇలా జరిగి ఉంటే గొడుగు మాత్రం క్షేమంగా దిగేది.

మీరు దుప్పట్లు ఆరేసిన పట్టీయే గొడుగునూ హార్నెస్‌నూ కలిపేది. దాని ఒక కొస గొడుగు తాళ్ళకు తగలాలి. రెండు పాయలుగా ఉన్న అవతలి కొస హార్నెస్ భుజాలకు తగలాలి. ఉక్కు లింకులు వేసి, మర బిగించి, లింకు అడ్డం తిరగకుండా రబ్బరు రింగు తొడగాలి. తడికి నాని ఎండకు ఎండిన పట్టీ ఎగరడానికి వద్దు, కొత్తది పంపుతున్నాను. దుప్పటి మడత కూడా పనికిరాదు, తాళ్ళు చిక్కుపడకుండా మడిచే పద్ధతి వేరు. మీ కొండ దగ్గరున్న శిక్షకుడికి నేనే రాశాను. ఆయన విప్పి, తిరిగి మడిచి, మీరు బిగించింది చూసి బాగుందన్నాకే సరే అనండి. కలరా ఉండలు మాత్రం ఇప్పుడే ఏరేయండి. పైనుంచి రాలితే కిందివాళ్ళు వడగళ్ళు అనుకుంటారు.

మీ ఉత్తరాలు మా ఆవిడ పైకి చదివించుకుంటోంది. చిన్నది ఎగిరిందా అని రోజూ అడుగుతోంది.

మీ
దుకాణం తమ్ముడు

తా.క. పాత పట్టీ మీద నిశ్చింతగా దుప్పట్లు ఆరేసుకోండి. అది ఇద్దరు మనుషుల్ని మోస్తుంది.

~

తమ్ముడూ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పట్టీ అందింది. ఆదివారం కొండ దగ్గరికి వెళ్ళాం. శిక్షకుడు గొడుగును గడ్డి మీద పరిచి ఓపిగ్గా మడిచాడు. తాళ్ళు నేను పట్టుకున్నాను. లింకులు నా చేత్తోనే బిగించాను. ఆయన ఒక్కోటీ తిప్పి చూసి, "ఇంత బిగిస్తే మళ్ళీ నేనే విప్పలేనమ్మా" అన్నాడు. అక్కడి ఇనుప చట్రానికి వేలాడి పిడి లాగి విసిరాను. ఈసారి గొడుగు నన్ను వదిలి పోలేదు. పట్టీ సాగి, రెండు భుజాలూ పట్టుకుని నన్ను కూడా ఒక్క గుంజు గుంజింది. ఆ గుంజుకు నమ్మకం కుదిరింది. శిక్షకుడు మళ్ళీ మడిచాడు, జేబులో నేను అమర్చాను.

చిన్నదాని వైపు తిరిగి, "సరేనే, ఎగురు" అన్నాను. చిన్నది అంచుదాకా వెళ్ళి కిందికి చూసింది. తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, భయమేస్తోంది."

"ఇప్పుడా?"

"నువ్వు ఒద్దన్నన్నాళ్ళూ ధైర్యంగానే ఉంది. నువ్వు ఎలాగూ ఒప్పుకోవని అడుగుతూ ఉన్నాను. నిజంగా ఒప్పుకుంటావని నేనేమైనా కలగన్నానా?"

నవ్వాలో, వీపు మీద ఒక్కటి వెయ్యాలో తెలియలేదు తమ్ముడూ. అవతల శిక్షకుడు ఇద్దరు కలిసి ఎగిరే పెద్ద రెక్క పరిచి ఉంచాడు. గాలి ముఖానికి తగులుతోంది. "ఆ కుర్చీలో నేను కూర్చుంటాను" అని ఎవరో అన్నారు. అన్నది నేనే.

"అమ్మా, కాస్త ఆలోచించు" అంది చిన్నది. ఏడాది నుంచి అదే కదా చేస్తున్నాను.

పరిగెత్తమన్నాడు, పరిగెత్తాను. ఇంకో అడుగు వేద్దామంటే నేల లేదు. చెట్లన్నీ కొత్తిమీర కట్టల్లా కిందికి పోయాయి. పెద్దాడు గుర్తొచ్చాడు. కన్నీళ్ళు వచ్చాయి గానీ చెంప మీదికి దిగేలోపు గాలి తుడిచేసింది. ఇంట్లో వాడి పేరు పలికితే చిన్నది బెంగపడుతుందని మానేశాను. అక్కడ ఎవరున్నారు, గొంతెత్తి పిలిచాను. వెనక కూర్చున్న శిక్షకుడు, "నన్నేనా అమ్మా?" అన్నాడు. "నిన్ను కాదు నాయనా, నువ్వు తోలు" అన్నాను. ఇంకో రెండుసార్లు పిలిచాను.

కాసేపటికి, "ఇక దిగుదామా?" అన్నాడు.

"ఎందుకు?" అన్నాను.

కింద చిన్నది నెత్తిన చేతులు పెట్టుకుని మా నీడ వెంట పరిగెడుతోంది. అంత ఎత్తుకు కూడా దాని కేకలు వినబడ్డాయి. అచ్చం నా గొంతే.

ఇట్లు
మీ అక్క

తా.క. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తానన్నాను. చిన్నది ససేమిరా అంటోంది. ఉన్నది ఒక్క అమ్మ, పంపను అంటోంది. దాని బాధ నాకు తెలియక కాదు. మీ మాటంటే దానికి గురి, కాస్త నచ్చజెబుతూ ఒక ఉత్తరం రాయండి. నేను రాయమన్నానని మాత్రం రాయకండి.