మూడో ‘వద్దు’

బర్చ్ కోవ్ రిసార్టు ఆఫీసులో జోలీన్ గారికి,

ఉత్తర మినెసోటా నుంచి వెర్నా హాల్వర్సన్ రాస్తున్నాను. ఇక్కడ మంచు కరిగింది. మీ దగ్గరా కరిగే ఉంటుంది.

ఏటా ఆగస్టు రెండోవారం మీ సరస్సు ఒడ్డున పద్నాలుగో గది మాది. ఏటా ఆ ఒక్క వారం గది మాదయ్యేలా ఆ టైమ్‌షేర్ వాటా కొని ఇరవై రెండేళ్లు. మా అమ్మాయి ఈత నేర్చింది అక్కడే. మా ఆయన ఐవర్ అక్కడ పట్టిన చేప ఆయన మాటల్లో ఏటా జానెడు పెరుగుతూనే ఉంది. చేప మాత్రం అదొక్కటే! ఇప్పుడు ఆయన పనిచేసే కాగితం మిల్లు మూతపడింది. ఏటా కట్టే రుసుము మోయలేకపోతున్నాం. మీకు ఇబ్బంది లేకపోతేనే, ఆ వారం వెనక్కి తీసుకుంటారా? తొందరేం లేదు.

ఇట్లు,
వెర్నా

తా.క. నిమ్మకాయ కేకు పంపుతున్నాను. డబ్బా తిరిగి పంపక్కర్లేదు. అది మా అమ్మది.

వెర్నా గారికి,

మీ ఉత్తరం ఆఫీసంతా చదివి మురిసిపోయాం. అంత ప్రేమ ఉన్నవాళ్లు వదులుకోవడమేమిటండీ! నేనూ ఈ వైపు పిల్లనే. మన వైపు మొదటిసారి వద్దంటే అది మర్యాద. మీకోసం అక్టోబరులో ఇంకో వారం సగం ధరకే అట్టేపెట్టాను.

మీ
జోలీన్

తా.క. డబ్బా తోమి పంపాను. అమ్మగారిదని రాశారంటే పంపమనేగా!

జోలీనమ్మా,

ఎంత మంచి మనసు! ఒక ఏడు మా వారం మార్చుకుని అక్టోబరులో వస్తే అక్కడ వారమంతా వాన. కరెంటు లేదు. కొవ్వొత్తి పెట్టుకుని పేకాడాం. అంతగా మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. కానీ వద్దమ్మా, నిజంగానే. ఐవర్ పడవ కూడా అమ్మేశాడు. నీ మాట తీసేశానని అనుకోకు.

ఇట్లు,
వెర్నా

తా.క. మళ్లీ కేకు పంపాను. ‘ఇలాగే రాస్తూ ఉండు, రిసార్టు మొత్తం మనకే అంటగడతారు’ అంటున్నాడు ఐవర్.

వెర్నా గారికి,

రెండోసారి వద్దంటే సిగ్గు. మూడోసారీ అంటేనే నిజంగా వద్దని. మా నానమ్మ కాఫీకి కూడా ఇంతే! మీ ఉత్తరాలు పటం కట్టి గుమ్మం దగ్గర పెట్టాం. మిమ్మల్ని పెద్ద గదికి మార్చాం. బిల్లు జతచేశాను.

మీ
జోలీన్

తా.క. వాటిని చదివి ముగ్గురు కొత్తగా కొన్నారు!

జోలీన్,

వద్దు. వద్దు. వద్దు. లెక్కపెట్టుకో.

ఆ గదంటే నాకు ప్రాణం. పొద్దున్నే నీటి మీద పక్షుల అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కానీ మందులు కొనడం మానేసి అక్కడికొచ్చి పడుకోలేను. ఇది రాస్తూ ఏడ్చాను.

వెర్నా

తా.క. ఈసారి కేకు లేదు.

వెర్నా గారికి,

క్షమించండి. కేకు లేదన్న ముక్క చూపించగానే మా మేనేజరు గారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు. రద్దు పత్రం ఇందులో ఉంది. ఇక మీరు కట్టేదేమీ లేదు.

ఒక్క సాయం చేస్తారా? ఉద్యోగంలో చేరినప్పుడు నాకూ ఒక వారం అంటగట్టారు. నాకొచ్చే జీతానికి అది తలకు మించిన బరువు. వద్దని రెండుసార్లు రాశాను. మేనేజరు గారూ ఈ వైపువారే. నవ్వి ఊరుకున్నారు. మూడోది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీ ఉత్తరానికి నకలు తీసి, కింద నా పేరు పెట్టుకోనా?

మీ
జోలీన్

తా.క. రెండుసార్లు కాదన్నా ఏమీ అనుకోను. ఆగుతాను.